పథ్యం విడిచిన ఆదివారం

"తగ్గిపోయింది" అని మా బావ ఊరంతా చెప్పుకొచ్చాడు. ఎరువుల కొట్టు దగ్గర చెప్పాడు, పాలకేంద్రం దగ్గర చెప్పాడు, జగ్గయ్యపేట బస్టాండులో కనిపించిన మా వీధి పెద్దాయనకూ చెప్పాడు. ఆయన నందిగామ రాగానే నా కొట్టు మెట్లెక్కి, "మీ అక్కకి కిడ్నీల జబ్బు తగ్గిపోయిందంటగా అమ్మా, చల్లని మాట" అన్నాడు. ఎవరు చెప్పారండీ అని అడిగాను. నా గొంతు ఎలా వినిపించిందో గానీ, ఆయన చెప్పులేసుకొని వెళ్లిపోయాడు.

అది తగ్గే జబ్బు కాదు. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి డిగ్రీలు అక్కర్లేదు. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని, నాకు అర్థమైంది. మూత్రపిండాల్లో పాడైపోయిన భాగం పాడైపోయినట్టే. మిగిలినదాన్ని ఎంతకాలం నిలబెట్టుకుంటామన్నదే వైద్యం. జాగ్రత్తగా ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. లేకపోతే డయాలసిస్ మంచం, వారానికి రెండుమూడు సార్లు విజయవాడ ప్రయాణం. మా అక్క ఏ పక్కకు వెళ్తుందన్నది ఆమె తినే కూరలో ఉప్పు మీదా, ఉదయం వేసుకునే మాత్ర మీదా ఆధారపడి ఉంది. ఇంత చిన్న సంగతి మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉండడం ఎవరికీ నచ్చదు. పెద్ద జబ్బుకు పెద్ద వైద్యం కావాలి జనానికి. ఆపరేషన్లు, సూదులు, మొక్కులు కావాలి.

నందిగామలో మా ఇంటి ముందు గదే నా కుట్టుమిషను కొట్టు. శాఖా గ్రంథాలయం అక్కణ్ణించి నడిచే దూరం. పెళ్లయిన కొత్తలో మా ఆయన పేపరు చదవడానికి వెళ్తుంటే వెంట వెళ్లాను. ఆయన పేపరు దగ్గరే ఆగిపోయాడు, నేను బీరువాల దాకా వెళ్లాను. నవలలతో మొదలుపెట్టాను. అవి అయిపోయాక చరిత్ర. ఆ తర్వాత కింది అరలో దుమ్ముపట్టిపోయిన ఆరోగ్యం పుస్తకాలు. తెలియని ఇంగ్లీషు మాటకు నిఘంటువు పక్కన పెట్టుకొని, చీటీల మీద అర్థాలు రాసుకొని చదివాను. గ్రంథాలయం ఆయన మొదట్లో వింతగా చూసేవాడు, తర్వాత కొత్త పుస్తకాలు వస్తే నాకోసం పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ఇదంతా గొప్పకే చెబుతున్నాను. నా చదువు నేను సంపాదించుకున్నది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

అక్క జబ్బు బయటపడిందీ ఆ చదువు వల్లనే. జాకెట్లకు కొలతలు ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచింది. చెప్పు పట్టీ అచ్చు పాదం మీద లోతుగా దిగి ఉంది. బొటనవేలితో నొక్కి చూశాను. గుంట పడింది, చాలాసేపు అలాగే ఉండిపోయింది. తలనొప్పి ఏమైనా ఉంటోందా అని అడిగితే, "అదెప్పుడూ ఉండేదేగా, ఎండలో తిరుగుతాంగా" అంది. టేపు మెళ్లోనే ఉంచుకొని ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాను. నర్సు బీపీ చూసి, నమ్మక మళ్లీ చూసింది. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయన్నారు. విజయవాడ పొమ్మన్నారు.

విజయవాడకు బావ కూడా వచ్చాడు. మా బావ చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే నా కోపం చెడ్డవాడి మీద కోపం లాంటిది కాదు. చెడ్డవాడి మీద కోపం తేలిక. గరికపాడు వెళ్లే దారిలో వాళ్ల ఊరు. మిరపా పత్తీ వేస్తాడు. తాగడు, అక్క మీద చెయ్యి ఎత్తడు. ఆస్పత్రి కుర్చీలో అక్క పక్కన సంచి ఒళ్లో పెట్టుకొని, పరీక్షకు కూర్చున్న పిల్లాడిలా కూర్చున్నాడు.

డాక్టరమ్మ ఓపికగానే చెప్పింది. ఉప్పు బాగా తగ్గించాలి, బీపీ మాత్ర ఒక్క రోజు కూడా మానకూడదు, ఒళ్లు నొప్పులకని మాత్రలు మింగకూడదు, పసర్లూ భస్మాలూ దగ్గరికి రానివ్వకూడదు, పరీక్షలకు చెప్పినప్పుడల్లా రావాలి. అంతా విని బావ ఒకే ఒక్కటి అడిగాడు.

"పథ్యం ఎన్నాళ్లండి?"

"ఎప్పటికీనండి" అంది ఆమె.

బావ తలూపాడు. మెట్లు దిగుతూ నాతో, "డాక్టర్లు అట్టాగే అంటారమ్మా, భయం ఉంటుందని. పథ్యం అన్నాక ఎప్పటికీ ఉంటదా ఎక్కడన్నా?" అన్నాడు. తిరుగు ప్రయాణంలో పరిటాల దగ్గర బస్సు కిటికీలోంచి హనుమంతుడి విగ్రహానికి దండం పెట్టుకొని, రిపోర్టు మంచిదొస్తే వడమాల వేయిస్తానని మొక్కుకున్నాడు. నేను రిపోర్టు అంటే ఏమిటో, మంచిది అంటే ఏమిటో బస్సులోనే వివరించబోయాను. ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు.

బావకు పథ్యం అంటే ఏమిటో బాగా తెలుసు. అదే వచ్చిన చిక్కు. కుర్రతనంలో ఆయనకు కామెర్లు వచ్చాయి. చెవిటికల్లులో ఎవరో పసరు పోశారు. నూనె లేదు, చింతపండు లేదు, ఉప్పు లేదు, మండలం పాటు చప్పిడి తిండి. ఆఖరి రోజున తలంటి పోసి, కోడికూరతో అన్నం పెట్టి పథ్యం విడిపించారు. ఆ కోడికూర రుచి ఇప్పటికీ ఆయన ఏ పెళ్లిలో కూర్చున్నా చెబుతాడు. ఆయన దృష్టిలో జబ్బంటే అదీ పద్ధతి. గట్టిగా ఓర్చుకోవాలి, ఒక రోజున అది అయిపోవాలి, ఆ రోజు పండగ చేసుకోవాలి. మా వైపు అందరిదీ అదే లెక్క. పసరు మందు వాడు చెప్పిన చప్పిడి తిండిని మంత్రంలా పాటిస్తారు, ఎందుకంటే వాడు గడువు చెబుతాడు. డాక్టరు ఎప్పటికీ అంటే ఆ మాట చెవికెక్కదు.

అయితే ఆ ఏడాదంతా పథ్యం సాగిన తీరు చెప్పాలి. చెబితే నాకు ఒళ్లు మండుతుంది, అయినా చెబుతాను.

బావ కాపలా కాశాడు. ఉప్పు డబ్బా అక్క చేతికి అందకుండా పై అరలో పెట్టాడు. ఆవకాయ జాడీ అత్తగారి గదిలోకి మార్చాడు. ఊరమిరపకాయలు వేయిస్తే కేకలేశాడు. ఊళ్లో అందరూ పెళ్లాన్ని కళ్లలో పెట్టుకొని చూసుకుంటున్నాడన్నారు. కానీ వంట ఎవరిది? అక్కదే. ఇంటిల్లిపాదికీ ఉప్పూ కారాలతో వండేది ఆమే, తన కూర తాను పక్కకు తీసుకోవాల్సిందీ ఆమే. కూర పొయ్యి మీద ఉడుకుతుండగా, ఉప్పు వేసే ముందు, తనకో గరిటెడు చిన్న గిన్నెలోకి తీసుకునేది. కూలీలు ఉన్న రోజున ఆ తీరికా ఉండేది కాదు. అప్పుడు మజ్జిగన్నం. ఉప్పు లేని మజ్జిగన్నం, అందరూ తిన్నాక, చల్లారిపోయాక, ఒక్కతే వంటింట్లో కూర్చొని.

అక్క అత్తగారిది కోదాడ వైపు. మాట కటువు, చెయ్యి సాయం తక్కువ. ఆ చిన్న గిన్నె ఆవిడ కంటికి గిట్టేది కాదు. ఒక ఇంట్లో రెండు కూరలేందని సణిగేది. సైంధవ లవణం వేసుకుంటే ఏం కాదని టీవీలో చెప్పారని, సంతలో కొనుక్కొచ్చి ఇచ్చింది కూడా. అది కూడా ఉప్పేనని, పేరు మారితే గుణం మారదని నేను వెళ్లి చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి నాకు ఆ ఇంట్లో లైబ్రరీ డాక్టరమ్మ అని పేరు. గుమ్మంలో అడుగు పెట్టగానే, "వచ్చింది లైబ్రరీ డాక్టరమ్మ, అన్నీ దాచిపెట్టుండ్రి" అనేది ఆవిడ. అందరూ నవ్వేవాళ్లు. అక్క కూడా నవ్వేది. ఆ నవ్వులో నేనూ కలిసేదాన్ని మొదట్లో.

నేను గ్రంథాలయంలో కూర్చొని ఈ జబ్బు గురించి దొరికినదంతా చదివాను. మూత్రపిండంలో సన్నని జల్లెళ్ల లాంటివి లక్షల్లో ఉంటాయట. రక్తపోటు ఎక్కువైతే వాటి మీద ఒత్తిడి పడి, ఒకటొకటిగా మూసుకుపోతాయట. కొన్ని పోతే మిగతావి ఆ పని కూడా నెత్తిన వేసుకొని ఎక్కువ కష్టపడతాయట. అలా కష్టపడి కష్టపడి అవీ పోతాయట. అందుకే మనిషికి చాలాకాలం ఏమీ తెలియదు. ఆ పేజీ చదివినప్పుడు నాకు ఆ ఇంటి వంటగదే గుర్తుకొచ్చింది. ఎవరూ చేయని పని మిగిలిన ఒక్కరి మీద పడడం, ఆ ఒక్కరూ నోరెత్తకుండా చేయడం, చేసినంత కాలం ఇంట్లో అంతా బాగానే ఉందని అందరూ అనుకోవడం.

అయినా ఏడాది తర్వాత పరీక్షలో అక్క మూత్రపిండాలు పనిచేసే లెక్క తగ్గలేదు. ముందు ఎంత ఉందో అంతే ఉంది. బీపీ అదుపులో ఉంది, పాదాల వాపు లేదు. ఇది చిన్న విషయం కాదు. ఈ జబ్బులో గెలుపంటే ఇదే, ఏమీ జరగకపోవడం. ఈ గెలుపుకు చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు. ఆ ఏడాది అక్క వదులుకున్న ప్రతి ముద్దా అందులో ఉంది. నాకు పెళ్లిళ్ల గిరాకీ ఉండి ఆ రోజు విజయవాడ వెళ్లలేదు. వాళ్లిద్దరే వెళ్లారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "అంతే ఉంది, చాలా బాగుంది" అని నవ్విందట. బావకు ఆ నవ్వు చాలింది. తిరిగి వస్తూ పరిటాలలో దిగి, వడమాల వేయించి, ఆ వడలు పంచుకుంటూ ఊళ్లోకి వచ్చాడు. మర్నాడు నాకు ఫోను చేశాడు. "ఆదివారం మీరంతా రావాలమ్మా. మీ అక్క పథ్యం విడుస్తోంది."

కార్తీకం వెళ్లిన వారం అది. నేనూ మా ఆయనా వెళ్లేసరికి వాకిట్లో టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద నాటుకోడి కూర ఉడుకుతోంది. వండుతున్నది బావ. లుంగీ మడిచి కట్టి, పెద్ద గరిటెతో కలుపుతున్నాడు, మొహం వెలిగిపోతోంది. లోపల అత్తగారు గోంగూర మాంసం వండింది, గారెలు వేసింది. ఆవకాయ జాడీ మళ్లీ వంటింట్లోకి వచ్చేసింది. అక్క తలంటు పోసుకొని, కొత్త చీర కట్టుకొని, తడి జుట్టు వదిలేసి పీట మీద కూర్చొని ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. బాలింత దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నారు.

నేను తిన్నగా పెరట్లోకి వెళ్లాను. డాక్టరమ్మ ఏమన్నారో మాట మాటగా చెప్పమని అడిగాను.

"చెప్పాగా ఫోన్లో. పోయినేడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉందంట. చాలా బాగుందంట."

"అంతే ఉందంటే జబ్బు అంతే ఉందని బావా. పోయిందని కాదు."

"జబ్బు ఉంటే డాక్టరు నవ్వుద్దా మరదలా? నా ముందే నవ్వింది."

పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మందుల సంగతేమిటని అడిగాను. కోర్సు అయిపోయిందన్నాడు. కోర్సు అన్న మాట డాక్టరు అన్నదా, మీరనుకున్నదా అని అడిగాను. ఆయన కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడమని పక్కవాడి అరచేతిలో చుక్క వేశాడు. ఇంతలో అత్తగారు బయటికొచ్చింది.

"ఏందమ్మా, మంచిరోజు నాడు ఈ లొల్లి? లైబ్రరీల గివే రాసుంటయా? తిననీ దాన్ని. ఏడాది సంది సప్పిడి తిని తిని మొఖం ఎట్ల పీక్కపోయిందో చూడు."

"పీక్కుపోయింది ఉప్పు లేక కాదండి అత్తయ్యా, ఒక్కతే వండుకోలేక" అన్నాను. ఆవిడ విననట్టే లోపలికి వెళ్లి విస్తరాకు తెచ్చింది. మొదటి విస్తరి అక్కకే వేసింది. తన చేత్తోనే వడ్డించింది. అన్నం, గోంగూర మాంసం, దాని పక్కన ఆవకాయ, గారెలు. బావ వేడివేడి కోడికూర గరిటెతో తెచ్చి, "లివరు నీకే తీసిపెట్టా" అని అక్క విస్తట్లో వేశాడు.

అక్క నా వైపు చూసింది. తినకే అని నోటితో అనలేదు, కళ్లతో అన్నాను. ఆమెకు అర్థమైంది. అర్థమయ్యే ముద్ద కలిపింది. "కూర్చోవే, నువ్వూ తిను" అంది. నేను కూర్చోలేదు. మా ఆయన్ని అక్కడే వదిలేసి హైవే దాకా నడిచి వెళ్లాను. నందిగామ బస్సు వచ్చేదాకా చెక్‌పోస్టు వైపు పోతున్న లారీలను చూస్తూ నిలబడ్డాను. ఆకలి వేసింది. నాటుకోడి వాసన ముక్కులోంచి పోలేదు. దాని మీద కూడా కోపం వచ్చింది.

ఒక్క పూట భోజనంతో కొంప మునగదని నాకు తెలుసు. ఆ మాట పుస్తకాల్లోనూ ఉంది. కానీ అది ఒక్క పూట కాదు. పథ్యం విడవడమంటే గేటు తెరవడం. ఆ రోజు నుంచి చిన్న గిన్నె అటకెక్కింది. మాత్రల సంచి గూట్లోకి పోయింది. నేను ఫోను చేసి మాత్ర వేసుకుంటున్నావా అంటే, "వేసుకుంటున్నాలే" అనేది. గట్టిగా అడిగితే పొయ్యి మీద పాలున్నాయని పెట్టేసేది.

తర్వాత మిరపకోతలు వచ్చాయి. కోత రోజుల్లో ఆ ఇంటి ఆడదానికి నడుము వంచడమే గానీ ఎత్తడం ఉండదు. చేలో కాయ కోయాలి, కూలీలకు వండాలి, కల్లంలో ఆరబోసిన కాయలోంచి పాలిపోయిన తాలు ఏరాలి. నడుం నొప్పి అంటే అత్తగారు తన మోకాళ్ల మాత్రలు ఇచ్చిందట. ఆవిడ ప్రేమగానే ఇచ్చింది. తగ్గిపోయిన మనిషికి మాత్ర ఇస్తే తప్పేముందనుకుంది. అక్క కోతలు అయ్యేదాకా ఆ మాత్రలు మింగింది. ఏ మాత్ర మానకూడదని డాక్టరు చెప్పిందో అది మానేసి, ఏది ముట్టుకోకూడదని చెప్పిందో అది మింగింది. నేను ఇవన్నీ ఆ తర్వాత తెలుసుకున్నాను.

ఎండలు మొదలయ్యాక, వాళ్లు పరీక్షకు వెళ్లే ఊసే ఎత్తకపోతే, నేనే వెళ్లి అక్కను బయలుదేరదీశాను. బావ గుంటూరు మిర్చి యార్డుకు కాయ వేసుకెళ్లాడు. అత్తగారు, "బాగున్న మనిషిని ఆస్పత్రికి ఈడ్సుకపోతవు" అంది. అక్క చెప్పులు వేసుకుంటుంటే చూశాను. పట్టీ బిగుసుకుపోయి, ఆఖరి రంధ్రానికి కూడా అందడం లేదు.

డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూసింది. ఈ మధ్య ఏం జరిగిందని అడిగింది. అక్క చీర కొంగు అంచు చూసుకుంటూ కూర్చుంది. నేను చెప్పాను. విందు సంగతి, మాత్రల సంగతి, బస్సులో అక్క నోటి నుంచి లాగిన నడుం నొప్పి మాత్రల సంగతి. డాక్టరమ్మ కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. మళ్లీ మందులు మొదలుపెడితే, నొప్పి మాత్రలు ఆపేస్తే, దిగజారినదాంట్లో కొంత వెనక్కి రావచ్చు అంది. "అంతా రాదమ్మా" అంది. ఒక ఏడాది కష్టపడి నిలబెట్టుకున్న మెట్టు ఒక్క మిరపకోతలో జారిపోయింది. ఇకమీద ఇంకా దగ్గరగా చూసుకోవాలని, ఇలాంటిది ఇంకోసారి జరిగితే డయాలసిస్ గురించి మాట్లాడుకోవాల్సి వస్తుందని చెప్పింది.

తిరుగు బస్సులో కంచికచర్ల దాటేదాకా ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని చూస్తూ కూర్చున్నాను. దాటాక ఆగలేకపోయాను. ఏడాదంతా నోరు కట్టుకున్నదానివి, ఆ రోజు ఒక్క మాట అనలేకపోయావా, నాకు తెలియదు అని చెప్పడానికి కూడా లేదుకదా, అన్నీ విడమర్చి చెప్పానుకదా అని దులిపేశాను. ముందు సీటులో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. అక్క అప్పుడు మాట్లాడింది, నెమ్మదిగా.

"తెలియక తిన్నాననుకుంటున్నావా? అన్నీ తెలుసు నాకు. ఆ రోజు మా అత్త తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగించిందే. నా కోసం. మీ బావ కోడి కోసి వండాడు. నా కోసం. ఆ ఇంటికొచ్చి ఇన్నేళ్లయింది, నేను వండనిది నేను తిన్నది ఆ పూటే. మొదటి విస్తరి నాకు వేశారు. వద్దని లేచిపొమ్మంటావా?"

అక్క మీద ఉన్న కోపం ఎక్కడికి పోయిందో పోయింది. అది పోయిన చోట ఇంకో కోపం వచ్చి కూర్చుంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ ఇంట్లో వాళ్లకు వండడం రాక కాదన్నమాట. తీరిక లేక కాదన్నమాట. పండగ చేయడానికి తెల్లారకముందే లేవగలిగిన చేతులు, ఒక్క పూట, ఒక్క చిన్న గిన్నెడు ఉప్పు లేని కూర వండలేకపోయాయి. ఆమె నోరు కట్టుకున్న ఏడాది అంతా ఆమె వంట ఆమెకే వదిలేశారు. ఆమెను చంపే కూర మాత్రం అందరూ కలిసి వండారు. అదీ ప్రేమగా.

నందిగామలో నేను దిగలేదు. అక్కతో పాటే వాళ్ల ఊరు వెళ్లాను. బావ యార్డు నుంచి వచ్చి వరండాలో కాళ్లు కడుక్కుంటున్నాడు. ఏమన్నారని అడిగాడు. చెప్పాను. చెంబు పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నేను మంచే చేశాననుకున్నానమ్మా" అన్నాడు.

"మంచి కాదని ఎవరన్నారు బావా? ఆ ఆదివారం గరిటె పట్టిన చెయ్యి మిగతా రోజుల్లో ఏమైందని అడుగుతున్నా. ఉప్పు డబ్బా పైన పెడితే పథ్యం చేయించినట్టా? ఒక్కనాడు దాని కూర దానికి వండిపెట్టారా?"

"నాకు వంటేం వచ్చమ్మా..."

"కోడి ఎవరు వండారు?"

"అది వేరు."

"వేరే. కోడి వండితే ఊరు మెచ్చుకుంటుంది. బీరకాయ వండితే ఎవరు చూస్తారు?"

అత్తగారు గుమ్మంలో నిలబడి వింటోంది. మగాడితో అట్లనేనా మాట్లాడేది అని గొణుక్కుంటూ లోపలికి పోయింది. అక్క నా మోచెయ్యి పట్టుకొని చాలు అన్నట్టు నొక్కింది. నేను చాలించలేదు. ఇది అయిపోయే పథ్యం కాదని, గడువు లేదని, ఆఖరి రోజు అంటూ వస్తే అది పండగ రోజు కాదని చెప్పాను. దానికి మాత్రం ఆయన తలెత్తి చూశాడు.

ఇప్పుడు బావ వండుతున్నాడు. పొద్దున్నే చేలోకి వెళ్లే ముందు చిన్న గిన్నెలో బీరకాయో సొరకాయో ఉప్పు లేకుండా, కాస్త నిమ్మరసం పిండి, వెల్లుల్లి వేసి వండి మూత పెట్టి వెళ్తున్నాడు. మొదట్లో మాడ్చాడు, పచ్చిగా దించాడు, ఇప్పుడు చెయ్యి కుదిరిందంట. మాత్ర దగ్గరుండి వేయిస్తున్నాడు. నడుం నొప్పికి కాపడం పెట్టుకోమంటున్నాడు. దిగిపోయిన లెక్కలో కొంత వెనక్కి వచ్చింది. మిగతాది రాలేదు, రాదు. ఇకనైనా అక్కడే నిలబడుతుందని డాక్టరమ్మా నేనూ ఆశ పెట్టుకున్నాం.

ఊళ్లో అందరూ ఆయన్ని మెచ్చుకుంటున్నారు. పెళ్లానికి వండిపెట్టే మొగుడు ఎక్కడ దొరుకుతాడని, అదృష్టవంతురాలని అంటున్నారు. బీరకాయకు కూడా మెచ్చుకోలు దొరికింది ఆయనకు. మా ఆయన కూడా మొన్న, ఇంకా కోపమేనా, ఆ మనిషి అంత మారాడుకదా, ఒక మంచి మాట అనరాదా అన్నాడు.

పోయిన వారం వెళ్లినప్పుడు నేను ఆ వంటింట్లో నిలబడి చూశాను. చిన్న గిన్నె బావ వండిపెట్టి వెళ్లాడు, నిజమే. దాని పక్కన పెద్ద గిన్నె పొయ్యి మీద ఉంది. ఇంట్లో అందరికీ, కూలీలకీ సరిపడా పప్పుచారు. అక్క చెమటలు కక్కుతూ దాన్ని కలుపుతోంది. ఉప్పు సరిపోయిందో లేదో ఆమె రుచి చూడకూడదు కాబట్టి, గరిటె పట్టుకొని అత్తగారిని కేకేసింది. ఆవిడ మంచం మీద నుంచి లేవకుండానే చెయ్యి చాపింది. అక్క వెళ్లి ఆ అరచేతిలో చుక్క వేసింది, చాలదంటే వెనక్కి వచ్చి ఇంకాస్త ఉప్పు వేసింది.

నేను గరిటె లాక్కొని ఆమెను బయట కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ పూటకు. నేను నందిగామ బస్సెక్కాక ఆమె మళ్లీ లోపలికే వెళ్లి ఉంటుంది. మెచ్చుకోమని మాత్రం నన్ను ఎవరూ అడగొద్దు.